నేర్చుకునే పిల్లలకు హక్కులెందుకు?

(కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగానికి రాతరూపం)



రెండు రోజులుగా ఇక్కడ మీరు మాట్లాడుకున్న విషయాలు వింటూ కూర్చున్నాను. పత్తి చేలలో ఆడపిల్లల కూలి, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, అంగన్‌వాడీ టీచర్లు, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసే అమ్మాయిలు. ఇవన్నీ అయ్యాక నేను లేచి ఒక సాహిత్య పత్రిక ఆఫీసు గురించి చెప్తానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. నాలుగు బల్లలు, ఒక కంప్యూటరు, రెండు ఫ్యాన్లు, అటక మీద పాత సంచికలు. అక్కడ దోపిడీ ఏముంటుంది? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందువల్ల జరిగిన నష్టం గురించి చెప్పాలనే ఈ అంశం ఎంచుకున్నాను.

నేను ఒక మహిళా డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఒక సాహిత్య పరిశోధన త్రైమాసిక పత్రిక సంపాదకవర్గంలో కొన్నేళ్ళు పనిచేశాను. పత్రిక పేరు చెప్పను. చెప్తే మీరంతా టీ తాగేటప్పుడు ఆ పత్రిక గురించే మాట్లాడుకుంటారు, అసలు విషయం పక్కకు పోతుంది.

ఆ పత్రికకు మా కాలేజీ పిల్లల్ని పంపడం మొదలుపెట్టింది నేనే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం. కామర్స్ పిల్లలు ఆడిటర్ల దగ్గరికి, కంప్యూటర్ పిల్లలు ఏదో ఒక కంపెనీకి వెళ్ళారు. మరి బి.ఎ. తెలుగు పిల్లలు ఎక్కడికి వెళ్ళాలి? డబ్బు కడితే పని చేయకుండానే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు పుట్టుకొచ్చారు. అది నాకు నచ్చలేదు. మన పత్రిక ఉంది కదా, అక్కడ కూర్చుంటే నాలుగు మంచి వ్యాసాలు చదువుతారు, పుస్తకం ఎలా తయారవుతుందో చూస్తారు అనుకున్నాను. సంపాదకులు వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకోరు? అప్పటిదాకా ఆ పనులు చేసిన అబ్బాయి జీతం చాలక మానేసి వెళ్ళిపోయి మూడు నెలలైంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఈ రెండు విషయాలనూ కలిపి ఆలోచించలేదు.

ఆ పిల్లలు చేసే పని ఏమిటో కొంచెం వివరంగా చెప్తాను. ఇంటర్న్‌షిప్ అంటే ఊరికే కూర్చుని సంతకం పెట్టి రావడమని మనలో చాలామంది అభిప్రాయం.

వ్యాసాలు మెయిల్‌లో వస్తాయి, పోస్టులో వస్తాయి. ఇప్పటికీ చేత్తో రాసి పంపే పెద్దలున్నారు. వచ్చినదాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. వ్యాసకర్త పేరు కనిపించకుండా తీసేసి, ఆ విషయం తెలిసిన ఇంకొక పండితుడికి అభిప్రాయం కోసం పంపాలి. ఆయన రెండు నెలలైనా పలకరు. "అయ్యా, తమ అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్నాము" అని గుర్తుచేస్తూ ఉత్తరం రాయాలి. పందొమ్మిదేళ్ళ పిల్ల ప్రొఫెసరుగారికి ఉత్తరం రాయడమంటే ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు కొట్టి చెరిపి మళ్ళీ కొడుతుంది. ఎక్కువ చనువుగా ఉండకూడదు, మరీ బతిమాలినట్టూ ఉండకూడదు. ఈ నేర్పు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

తర్వాత టైపు. ఒకరు అను ఫాంటులో పంపుతారు, ఒకరు యూనికోడ్‌లో పంపుతారు. ఒకదాన్ని రెండోదానిలోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి, పొల్లులు ఎగిరిపోతాయి. వాటిని అక్షరం అక్షరం సరిచేయాలి. పాత పద్యాలు ఉదాహరించిన చోట బండి ఱ ఉందా, అరసున్న ఉందా చూడాలి. మూడుసార్లు ప్రూఫులు. ఒకమ్మాయి పైకి చదువుతుంటే ఇంకొకమ్మాయి దిద్దుతుంది. గొంతు పోతుంది, కళ్ళు పోతాయి. మధ్యాహ్నం కరెంటు పోతే కిటికీ దగ్గరికి బల్ల జరుపుకుంటారు. సంచిక అచ్చయి వచ్చాక రేపర్లు చుట్టి, చిరునామాలు అతికించి, పోస్టాఫీసుకు మోసుకెళ్ళేది కూడా వాళ్ళే.

వీటన్నిటికంటే కష్టమైన పని ఉదాహరణలను మూలంతో పోల్చడం. వ్యాసకర్త ఫలానా పత్రిక, ఫలానా సంచిక, ఫలానా పేజీలో ఇలా ఉంది అని రాస్తాడు. నిజంగా ఉందా? పాత పత్రికలు కొన్ని ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, కొన్నిటి కోసం గ్రంథాలయానికి పోవాల్సిందే. ఒక బ్యాచిలో ఒకమ్మాయి ఉండేది. మాది మిరప ప్రాంతం. వాళ్ళమ్మ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఈ పిల్ల ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేది. వ్యాసాల్లో ఒకటి తొలినాటి స్త్రీల పత్రికల మీద. రాసినాయన పేరున్న మనిషి. అందులో ఒక పాత వ్యాసాన్ని ఒక స్త్రీ రాసిందని చెప్పి, ఆవిడ భావాలు ఎంత వెనకబడినవో రెండు పేజీలు విమర్శించాడు. ఈ అమ్మాయి ఆ సంచిక స్కాన్ ప్రతిని వెతికి పట్టుకుంది. చూస్తే, ఆయన ఉదాహరించిన మాటలు ఆవిడవి కావు. ఎవరో ఒక పురుషుడు అన్న మాటల్ని ముందు చెప్పి, ఆ తర్వాత పేజీలో ఆవిడ వాటిని ఖండించింది. ఆయన మొదటి పేజీ మాత్రమే చూసి రాసేశాడు. లేదా ఇంకెవరో రాసిన దాన్ని చూసి రాశాడు.

ఈ పిల్ల నా దగ్గరికొచ్చి, "మేడమ్, నేనే తప్పు చదివానేమో ఒకసారి చూడండి" అంది. మూడు రోజులు తనే తప్పనుకుని తిరిగిందట. నేను చూశాను. తప్పు ఆయనదే.

పని అనేదానికి దీనికంటే పెద్ద నిదర్శనం ఏం కావాలి? నూరేళ్ళ కిందట ఒక స్త్రీ తన పేరుతో ధైర్యంగా రాసిన మాటని, ఆమె అనని మాటగా అచ్చువేయబోతుంటే ఒక డిగ్రీ పిల్ల ఆపింది. మన చరిత్ర మనకి తెలియకుండా పోవడానికి నిషేధాలు, తగలబెట్టడాలే కారణమనుకుంటాం. చాలాసార్లు రెండో పేజీ తిప్పకపోవడమే కారణం.

బెంగుళూరు నాగరత్నమ్మ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం అంతకుముందు 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరణలో అచ్చయింది. ఆ ప్రతిని చదివి ఆవిడ ఊరుకోలేదు. తాళపత్ర ప్రతి సంపాదించి పక్కపక్కన పెట్టి చూస్తే, కొన్ని భాగాలు తీసేశారని తేలింది. తీసేసినవన్నీ చేర్చి 1910లో వావిళ్ళవారి చేత అచ్చువేయించింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. మనం నిషేధం గురించి వ్యాసాలు రాశాం, సభలు పెట్టాం, సరే. ఆవిడ ప్రతిని ప్రతితో పోల్చి చూడడం గురించి మాత్రం ఎవరం పెద్దగా మాట్లాడం. అది గుమాస్తా పని అనుకుంటాం. నాగరత్నమ్మ చేస్తే పాండిత్యం, ఇంటర్న్ చేస్తే గుమాస్తాగిరీనా?

ఆ వ్యాసం దిద్దుకుని అచ్చయింది. వ్యాసకర్తకు సంపాదకులు ఫోన్ చేసి చెప్పారు. ఆయన రెండు పేజీలు మార్చి పంపారు. కింద కృతజ్ఞతల్లో సంపాదకుల పేరు రాశారు. అమ్మాయి పేరు లేదు. ఆమె పేరు రాయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. ఆ వ్యాసం వల్ల ఆయనకు వచ్చేది వచ్చింది. కాలేజీ అధ్యాపకుల పదోన్నతులకు అచ్చయిన వ్యాసాలు లెక్కపెట్టడం ఉంది కదా. 2025లో యూజీసీ రద్దు చేసేదాకా కేర్ జాబితా అని ఒకటుండేది. అందులో ఉన్న పత్రికలో వ్యాసం పడితే దానికి విలువ. ఆ విలువను కాపాడింది మిరపకాయల తొడిమలు తీసే ఆవిడ కూతురు. ఆ అమ్మాయికి వచ్చింది ఒక సర్టిఫికెట్. అందులో "క్రమశిక్షణతో మెలిగినది" అని ఉంది.

ఆమె ఆ తర్వాత సెమిస్టరు ఇంటర్న్‌షిప్‌కి మా పత్రికకు రాలేదు. నేను ఇంటికి వెళ్ళాను. మళ్ళీ పంపించమని అడగడానికి వెళ్ళానని ఒప్పుకోవాలి. వాళ్ళమ్మ మంచం వాల్చి కూర్చోబెట్టి, చాలా మర్యాదగానే అడిగింది. "అమ్మగారూ, నేను కాయకి తొడిమ తీస్తే కిలోకి ఇంతని లెక్కగట్టి ఇస్తారండీ. మా పిల్ల అక్షరాలకి తొడిమలు తీస్తున్నానని చెప్పింది. దానికెంతండీ?"

నేను చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "నేర్చుకుంటోంది కదమ్మా" అన్నాను.

ఆవిడ ఊరుకుంది. ఆ పిల్ల లోపల్నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించింది. బస్సుకు రానూ పోనూ 80 రూపాయలు. వారానికి ఆరు రోజులు, ఎనిమిది వారాలు, 48 రోజులు. 3,840 రూపాయలు. అప్పటికి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఉచిత బస్సు లేదు, అది 2025 ఆగస్టులో వచ్చింది. మధ్యాహ్నం తిండి ఇంటి నుంచే తెచ్చుకునేది కాబట్టి అది లెక్కలో లేదు. సెలవుల్లో తొడిమల పనికి తల్లితోపాటు వెళ్తే వచ్చే కూలి పోయింది, అదీ లెక్కలో లేదు. అంటే ఆ కుటుంబం దగ్గర 3,840 రూపాయలు తీసుకుని మేము పని చేయించుకున్నాం. జీతం ఇవ్వకపోవడం కాదు, పని ఇచ్చినందుకు మేమే జీతం పుచ్చుకున్నాం!

ఆ సంవత్సరం మాతో పూర్తికాలం నిలబడిన అమ్మాయిలెవరు అని వెనక్కి చూసుకుంటే, అందరూ టౌనులో ఇళ్ళున్నవాళ్ళే. ఒకరి తండ్రి లెక్చరరు, ఒకరి తల్లి బ్యాంకులో. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, హాస్టలు పిల్లలు మధ్యలో జారిపోయారు. రేపు సంపాదకులయ్యేదెవరు, పరిశోధకులయ్యేదెవరు అనేది ఈ బస్సు చార్జీ దగ్గరే తేలిపోతోంది. దళిత స్త్రీలు, వెనకబడిన కులాల స్త్రీలు సాహిత్య చరిత్రలో ఎందుకు లేరని మా పత్రికలోనే ప్రత్యేక సంచిక వేశాం. దాని ప్రూఫులు దిద్దడానికి రాలేకపోయిన పిల్లల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. అప్రెంటిస్ అని పెట్టుకుంటే 1961 అప్రెంటిసుల చట్టం కింద రాతపూర్వక ఒప్పందం ఉండాలి, స్టైపెండు ఇవ్వాలి. ఇంటర్న్ అని పేరు మార్చగానే ఆ రెండూ ఎగిరిపోతాయి. డాక్టరీ చదివే పిల్లల ఇంటర్న్‌షిప్ సంగతి వేరు. వాళ్ళకి స్టైపెండు ఉంది, అది ఆగిపోయినప్పుడల్లా రోడ్డెక్కి సాధించుకున్నారు. బి.ఎ. తెలుగు పిల్లలు పని మానేస్తే ఆస్పత్రులు మూతపడవు కదా. ఒక సంచిక నెల ఆలస్యమవుతుంది, అంతే.

మా సంపాదకులు చెడ్డవారు కారు. డబ్బు లేదన్న మాట కూడా నిజమే. చందాదారులు అయిదువందలు దాటరు. ప్రెస్సు బిల్లు ఒక సంచికది ఇంకో సంచికప్పుడు కడతారు. ఆయన నలభై ఏళ్ళుగా తన పింఛనులోంచి, అంతకుముందు జీతంలోంచి పెడుతూ వచ్చిన మనిషి. "నేనూ ఉచితంగానే చేస్తున్నానమ్మా" అన్నారు నాతో. అది నిజం. కానీ ఆయన ఉచితంగా చేస్తే సాహిత్య సేవ అంటారు, శాలువా కప్పుతారు. పైగా ఆయన తన ఇష్టంతో వచ్చారు. ఈ పిల్లలకు మార్కులున్నాయి, రాకపోతే డిగ్రీ రాదు. ఇద్దరిదీ ఒకే త్యాగం ఎలా అవుతుంది?

మీరు కూడా అంత నిశ్చింతగా వినకండి. స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చినవారు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. మీ ఆఫీసుల్లో సర్వే ఫారాలు నింపేది, నివేదికలు టైపు చేసేది, మీటింగులకు కుర్చీలు వేసేది ఎవరు? సోషల్ వర్క్ చదివే పిల్లలు. వాళ్ళకెంత ఇస్తున్నారు? నేనడుగుతున్నది ఎత్తిపొడుపుకు కాదు.

ఇప్పుడు రెండో విషయానికి వస్తాను. ఇది చెప్పడానికి ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. ఊరు, పేరు, సంవత్సరం ఏవీ చెప్పను.

వ్యాసకర్తలతో ఫోనులో మాట్లాడే పని ఒకమ్మాయికి అప్పగించాం. ఆఫీసు ఫోను పాడైపోయి చాలాకాలమైంది, కాబట్టి ఆమె సొంత నంబరు ఇచ్చాం. ఇచ్చాం అంటే నేనే ఇచ్చాను. ఒక వ్యాసకర్త ప్రూఫుల సందేహాలంటూ రాత్రి పది తర్వాత ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. మొదట సందేహాలు, తర్వాత ప్రబంధాల్లోని శృంగార పద్యాలకు అర్థం చెప్తాననడం, తర్వాత హైదరాబాదు వస్తే ఎం.ఎ. సీటు చూస్తాననడం. సాహిత్యం చదువుకున్న మగవాళ్ళకు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఏం మాట్లాడినా రసచర్చ అంటారు. ఆ అమ్మాయి ఆరు వారాలు భరించింది. ఫోన్ ఎత్తకపోతే పత్రిక పనిలో అశ్రద్ధ అంటారేమో, మార్కులు పోతాయేమో అని భయం. ఇంట్లో చెప్తే చదువు మాన్పిస్తారని ఇంకా పెద్ద భయం.

చివరికి నాకు చెప్పింది. నేనేం చేశానో కూడా చెప్పాలి. "కొన్నాళ్ళు ఫోన్ ఎత్తకు, ఆయనతో నేను మాట్లాడతాను" అన్నాను. మాట్లాడలేదు. సంచిక ఆలస్యమైంది, ఆయన వ్యాసం అందులో ముఖ్యమైనది. రెండు నెలల తర్వాత ఆమె మళ్ళీ వచ్చినప్పుడు సంపాదకులకు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. బాధపడి, "కానీ అమ్మా, ఆ పిల్ల మన ఉద్యోగి కాదు గదా, ఆయనా మన ఉద్యోగి కాదు. మనం ఏ హోదాతో అడుగుతాం? కాలేజీలో ఫిర్యాదు ఇమ్మనండి" అన్నారు. కాలేజీలో అడిగితే, "ఇది కాలేజీ బయట జరిగింది కదా, ఆ పత్రికవాళ్ళే చూడాలి" అన్నారు. రెండు తలుపులూ చాలా మర్యాదగా మూసుకున్నాయి.

ఇద్దరు చెప్పిందీ తప్పే. అది నాకు అప్పుడు తెలియదు. మీకు తెలియాలని చెప్తున్నాను, రాసుకోండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. అందులో రెండో సెక్షను చదవండి. బాధిత మహిళ అంటే ఏ వయసు స్త్రీ అయినా, అక్కడ ఉద్యోగి అయినా కాకపోయినా. ఉద్యోగి అంటే జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, స్వచ్ఛందంగా చేసినా, రాతపూర్వక నియామకం లేకపోయినా, ట్రైనీ, అప్రెంటిస్ లేదా అలాంటి ఇంకే పేరుతో పిలిచినా. "ఇంకే పేరుతో పిలిచినా" అన్న ఆ మాట ఎవరు రాయించారో కానీ వారికి దణ్ణం పెట్టాలి. పేరు మార్చి బాధ్యత తప్పించుకోవడం మనవాళ్ళకు ఎంత అలవాటో తెలిసినవాళ్ళే రాయించి ఉంటారు. పందొమ్మిదో సెక్షను ప్రకారం, పనిచోట తారసపడే బయటి మనుషుల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. అంటే వ్యాసకర్త కూడా అందులోకి వస్తాడు. పదిమంది కంటే తక్కువ పనిచేసే ఆఫీసుకు అంతర్గత కమిటీ ఉండదు, నిజమే. దానికోసమే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. కాలేజీల విషయానికొస్తే విద్యార్థినుల కోసం యూజీసీ నిబంధనలు, 2015 అని ఉన్నాయి.

గడువు మాత్రం గుర్తుపెట్టుకోండి. సంఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. వరసగా జరిగితే చివరి సంఘటన నుంచి మూడు నెలలు. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. నేను "చూద్దాం" అనుకుంటూ గడిపిన రెండు నెలలు ఆ పిల్ల గడువులోంచి పోయినవి.

మన దగ్గర ఈ చట్టానికి మూలం విశాఖ తీర్పు, 1997 ఆగస్టు. దాని వెనక ఉన్నది రాజస్థాన్ భటేరీ గ్రామానికి చెందిన భన్వరీ దేవి. బాల్యవివాహాలు ఆపే పనిలో ఉన్నందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె సాథిన్. ప్రభుత్వ పథకంలో గౌరవ వేతనం మీద పనిచేసే కార్యకర్త. అంటే మన దేశంలో ఈ హక్కు పుట్టిందే పూర్తి ఉద్యోగి అని ఎవరూ ఒప్పుకోని ఒక స్త్రీ వల్ల. విచిత్రం చూడండి, సరిగ్గా అదే 1997లో అమెరికాలో ఒక అప్పీలు కోర్టు ఇంకో రకంగా చెప్పింది. న్యూయార్క్ ప్రాంతంలో సోషల్ వర్క్ చదివే విద్యార్థిని, చదువులో భాగంగా మానసిక వైద్యశాలకు ఇంటర్న్‌గా వెళ్ళింది. అక్కడి డాక్టరు వేధించాడని కోర్టుకెళ్ళింది. నీకు జీతం లేదు కాబట్టి నువ్వు ఉద్యోగివి కావు, కాబట్టి 1964 పౌరహక్కుల చట్టం నీకు వర్తించదు అన్నారు. జీతం ఇవ్వకపోవడం ఒక అన్యాయమైతే, ఆ అన్యాయమే రెండో అన్యాయానికి అనుమతిపత్రం అయింది! ఆరెగాన్ రాష్ట్రం 2013లో, న్యూయార్క్ 2014లో ఇంటర్న్‌లకు రక్షణ కల్పిస్తూ చట్టాలు చేసుకోవాల్సి వచ్చింది. మనకు కాగితం మీద ఆ ఇబ్బంది లేదు. మన ఇబ్బంది, ఆ కాగితం చదివిన మనిషి పత్రికాఫీసులో లేకపోవడం, కాలేజీలో లేకపోవడం.

నేను ఇదంతా తెలుసుకుని, మీ సంఘంలోని లాయరు మిత్రురాలిని వెంటబెట్టుకుని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళేసరికి అయిదో నెల నడుస్తోంది. ఇంకా దారి ఉందని చెప్పాం. ఆమె అంతా విన్నది. "అప్పుడు చెప్పి ఉంటే ఇచ్చేదాన్ని మేడమ్" అంది. ఇవ్వలేదు. ఇవ్వమని నేను బలవంతపెట్టే అర్హత పోగొట్టుకున్నాను. తెలుగు ఎం.ఎ. దరఖాస్తు కూడా పెట్టలేదు. బి.ఎడ్.లో చేరింది. ఆయన వ్యాసం అచ్చయింది. దానికి ప్రూఫులు దిద్దింది ఆమే.

ఆ తర్వాత సంపాదకవర్గం సమావేశంలో నేను ఒక పేజీ కాగితం పెట్టాను. ఎన్ని గంటలు పని, ఏ పని, ఎవరి దగ్గర నేర్చుకుంటారు అని మొదటే రాసి ఇవ్వాలి. బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం ఖర్చు ఇవ్వాలి. రేపర్లు చుట్టడం వారానికి ఒక పూట మించకూడదు. సంచికలో సంపాదకవర్గం పేర్ల కిందే వాళ్ళ పేర్లు వేయాలి. ఎవరి సొంత నంబరూ వ్యాసకర్తలకు ఇవ్వకూడదు, ఆఫీసుకు ఒక ఫోను కొనాలి. స్థానిక కమిటీ చిరునామా గోడ మీద పెద్ద అక్షరాలతో అతికించాలి. కమిటీ చిరునామా కోసం కలెక్టరాఫీసులో మూడు గదులు తిరగాల్సొచ్చింది, అది వేరే కథ.

గోడ మీద కాగితానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఫోను కొన్నారు. పేర్ల దగ్గర అరగంట చర్చ జరిగింది. పరిశోధన పత్రిక గౌరవం తగ్గుతుందన్నారు ఒకరు. పిల్లలకు ఇప్పట్నుంచే కీర్తికాంక్ష అలవాటు చేయొద్దన్నారు ఇంకొకరు. ఆయన మూడు సన్మాన సంచికలు వేయించుకున్న మనిషి. చివరికి ఒప్పుకున్నారు. డబ్బు దగ్గర ఆగిపోయింది. ప్రస్తుతానికి సంపాదకవర్గంలో నలుగురం తలా కొంత వేసుకుని బస్సు చార్జీలు ఇస్తున్నాం. ఇది పరిష్కారం కాదని నాకు తెలుసు. దయ మీద నడిచేది హక్కు కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. పత్రిక బడ్జెట్‌లో ప్రెస్సు బిల్లు, పోస్టల్ ఖర్చు పక్కన మూడో పద్దుగా అది ఎక్కాలి. దానికోసం చందా పెంచాల్సొస్తే పెంచాలని నేను, అప్పుడు ఉన్న చందాదారులు కూడా పోతారని సంపాదకులు. ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నాం.

మొదటి అమ్మాయి, మిరపకాయల వాళ్ళ అమ్మాయి, నిరుడు మళ్ళీ కనిపించింది. ఆమె పట్టుకున్న ఆ తప్పు గురించి ఒక చిన్న నోటు రాయమని అడిగాను, పత్రికలో ఆమె పేరుతోనే వేస్తామని చెప్పాను. రాసి పంపింది. మూడు పేజీలు. దాన్ని కూడా నియమం ప్రకారం పేరు తీసేసి ఒక పండితుడికి అభిప్రాయం కోసం పంపాం. ఆయన దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. ఇప్పుడున్న ఇంటర్న్ అమ్మాయి పోయిన వారమే రెండో ఉత్తరం రాసింది.